చెలమలో హేమావతి

ఆ ఆదివారం పొద్దున వేదవతి నది ఇసుకలో, నిలువెత్తు చెలమ గుంతలో ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనిషి పేరు హేమావతి. గుమ్మఘట్ట మండలంలో నాలుగు పల్లెలకు ఉత్తరాలు పంచే పోస్టావిడ. ఆమెను ఎరగని గడప ఆ నాలుగు పల్లెల్లో లేదు.

ఆమెకు నలభై ఒకటో ఏడు నడుస్తోంది. పదో తరగతి మార్కుల మీద ఇరవై మూడో ఏట ఆ ఉద్యోగం వచ్చింది. అప్పటినుంచీ సైకిలు మీదే తిరుగుడు. ఉత్తరాలు రాసుకునే రోజులు పోయాయి; ఇప్పుడు ఆమె సంచిలో ఉండేవి ఆధార్ కార్డులు, బ్యాంకు కవర్లు, కోర్టు నోటీసులు, ఎప్పుడైనా ఒక మందుల పార్శిల్. మనిషి సన్నం, మాట పెళుసు. కూర్చోవడం చేతకాదు. ఎవరింటికి పోయినా వాళ్ల చేతిలో పని లాక్కుని చేస్తుంది. చేట కనిపిస్తే చెరుగుతుంది, చీపురు కనిపిస్తే ఊడుస్తుంది. మొగుడు ఈశ్వరప్ప రాయదుర్గంలో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. "మా ఇంటామెను కుర్చీకి కట్టేసినా కుర్చీతో సహా పోయి నీళ్లు పడతాది" అని నవ్వుతుంటాడు.

ఆమెతో పాటు ఆదివారాలు సైకిలు తొక్కేవాళ్లు ఇద్దరు. ఒకరు నల్లమ్మ, అంగన్వాడీలో ఆయా. యాభై దగ్గర పడింది. నాలుగేళ్ల కింద హేమావతి దగ్గరే సైకిలు నేర్చుకుంది. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయినా వదల్లేదు. ఇంకొకరు ప్రసూన, ఊరి బడిలో టీచరు. భూములున్న ఇంటి పిల్ల, ముప్పై నాలుగేళ్లకే షుగర్ వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. ఒక్కతే నడవడానికి సిగ్గుపడి, సైకిలు కొనుక్కుని వీళ్లతో కలిసింది. మొదట్లో ఊళ్లో ఆడా మగా నవ్వినారు. తర్వాత అలవాటైపోయింది.

వేదవతి గట్టు మీద కొత్తగా ఒక కేఫ్ పెట్టారని మే నెలలో ప్రసూన ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. నీలం రంగు బోర్డు మీద తెల్లటి అక్షరాలతో 'రివర్ వ్యూ కేఫ్' అని ఉంది. ఊరినుంచి పద్దెనిమిది కిలోమీటర్లు. ఎండాకాలం సెలవులు ఇంకా ఉన్నాయి. ఐదింటికి బయలుదేరితే ఏడింటికి అక్కడ ఉండొచ్చు, ఉగ్గాని బజ్జీ తిని, కాఫీ తాగి, ఎండ ముదరకముందే ఇల్లు చేరొచ్చు అనుకున్నారు.

అనుకున్నట్టు జరగలేదు. ప్రసూన రావడమే అరగంట ఆలస్యమైంది. ఊరు దాటిన పది నిమిషాలకే ఆమె సైకిలు చెయిన్ ఊడింది. దాన్ని ఎక్కించేసరికి పొద్దు పొడిచింది. వేరుశెనగ చేలు దున్ని వదిలేసి ఉన్నాయి. ఎటు చూసినా ఎర్రమట్టి పెళ్లలు, గట్ల మీద వాడిన కానుగ చెట్లు. ఆరుంపావుకే గాలి వేడెక్కింది. ప్రసూన ప్రతి మిట్ట దగ్గరా దిగి తోస్తోంది. మూడోసారి దిగినప్పుడు హేమావతి సైకిలు ఆపి, వెనక్కి తిరిగి, మొహం మీదే అనేసింది.

"నీతో వస్తే ఆడికి పోయేకి మధ్యాన్నమైతాది. చేతకాకుంటే ఎనక్కి పో ప్రసూనా. మా పానాలు ఎందుకు తీస్తావు?"

ప్రసూన చెమటో కన్నీళ్లో చున్నీతో తుడుచుకుని మళ్లీ సైకిలెక్కింది. నల్లమ్మ మాత్రం హేమావతి పక్కకు వచ్చి, మందులేసుకునే పిల్లతో అట్లనా మాట్లాడేది అని సన్నగా చీవాట్లు పెట్టింది. హేమావతికి తప్పు తెలుస్తూనే ఉంది. కానీ ఆమె నోటికి క్షమించమనే అలవాటు లేదు. మిగిలిన దారంతా ముగ్గురూ ఒకరి వెనక ఒకరు తొక్కారు.

ఏడున్నర దాటాక నది కనిపించింది. నది అంటే ఇసుకే. ఈ గట్టునుంచి ఆ గట్టు దాకా తెల్లగా, చుక్క నీరు లేకుండా పరుచుకుని ఉంది. అవతలి గట్టు వెంట సర్కారు తుమ్మ పొదలు, వాటి వెనక గుండ్లు పేర్చినట్టున్న కొండ. కేఫ్ అన్నది నాలుగు రాతి కూసాల మీద రేకులు కప్పిన కొట్టం. దాని యజమాని కుళ్లాయప్ప అరవై ఏళ్ల మనిషి, ఎడమ మోకాలు వంగదు. ఆ బోర్డు బెంగళూరులో పెయింటర్ పని చేసే కొడుకు ఆనంద్ పండక్కి వచ్చినప్పుడు రాసి తగిలించి పోయాడట. బోర్డు చూసి వచ్చినవాళ్లంతా నది యాడుందని అడుగుతాండారమ్మా, ఏం చెప్పేది అని కుళ్లాయప్ప వాపోయాడు.

కాఫీకి నీళ్లు లేవు. బోరు రెండు వారాల కింద ఎండిపోయింది. క్యాన్‌లో అడుగున మిగిలినవి తాగడానికి మాత్రమే సరిపోతాయి. మిగతా పనులకు ఏట్లో చెలమ తవ్వుకుని తెచ్చుకుంటున్నానని చెప్పి, కుళ్లాయప్ప బిందె, చెంబు అందుకుని కుంటుకుంటూ లేచాడు. ఎదురుగా బెంచీ మీద ప్రసూన నేల చూస్తూ కూర్చుని ఉంది. ఆ మొహం ముందు కూర్చోవడం హేమావతి వల్ల కాలేదు. లేచి ముసలాయన చేతిలో బిందె, చెంబు లాక్కుంది.

"నువ్వు కూసోన్నా. నేను తెస్తా."

చెలమ గట్టుకు రెండు వందల అడుగుల దూరంలో, ఏటి మధ్యకు ఉంది. పైనుంచి చూస్తే ఇసుకలో పల్లం, అంతే. నీటి మట్టం దిగిపోయిన కొద్దీ కుళ్లాయప్ప దాన్ని లోతు చేసుకుంటూ పోయినట్టున్నాడు. హేమావతి దిగి నిలబడితే నడినెత్తి గుంత అంచుకు సమానంగా ఉంది. ఒకవైపు ఏటవాలుగా దారి చెక్కి ఉంది, మిగతా మూడువైపులా నిటారుగా ఇసుక గోడ. అడుగున ఇంత బానెడు నీళ్లు, స్వచ్ఛంగా, చల్లగా ఉన్నాయి. ఆమె చెంబుతో మొహం కడుక్కుంది. చెంబు ముంచితే నీళ్లు అడుగంటుతున్నాయి, మళ్లీ ఊరేదాకా ఆగాలి. బిందె సగమైంది. ఇంకో చెంబు ముంచబోతుండగా పైన ఏదో పీల్చినట్టు, తోలుతిత్తి ఊదినట్టు చప్పుడైంది.

కుళ్లాయప్ప వచ్చాడేమోనని తలెత్తింది. ఏటవాలు దారి పైన నల్లగా, కుక్కపిల్లంత జంతువు నిలబడి ఉంది. ఒంటినిండా చింపిరి బొచ్చు. అది ఏమిటో మనసుకు తట్టేలోపే, దాని వెనక ఆకాశం మూసుకుపోయినట్టు తల్లి వచ్చి నిలబడింది.

హేమావతి నాయన ఆంజినప్ప గొర్రెల కాపరి. ఈ కొండల్లోనే నలభై ఏళ్లు తిరిగాడు. ఎలుగొడ్డుకు చూపు తక్కువ, వినికిడి తక్కువ, ముక్కు మాత్రం గట్టిదని చెప్పేవాడు. అది మనిషిని తినడానికి మీదపడదు, ఉలిక్కిపడి మీదపడుతుంది, పడితే మాత్రం మొహం మీదే గోళ్లు వేస్తుంది అనేవాడు. పరుగెత్తొద్దు, కళ్లల్లోకి చూడొద్దు. పిల్లతో ఉంటే మాత్రం దేవుడే దిక్కనేవాడు.

ఆమె వెనక్కి జరిగి, దారికి ఎదుటి గోడకు అతుక్కుపోయింది. ఆ ఒరిపిడికి పైనుంచి ఇసుక జారి పాదాల మీద పడింది. ఇంకాస్త జారింది. పిక్కల దాకా వచ్చింది. కదిలితే గోడంతా కూలేట్టుంది. ఊరికే ఉండిపోయింది. చేతిలో చెంబు ఉంది. దాన్ని కింద పెట్టడానికీ ధైర్యం చాలలేదు.

పిల్ల ముందు దిగింది. దిగిందనడం కంటే జారిపడిందనాలి. నేరుగా నీళ్లలో పడి, కుయ్యిమంది. మరుక్షణం అన్నీ మరిచి చప్పరించుకుంటూ తాగడం మొదలుపెట్టింది. దానికీ హేమావతికీ మధ్య రెండు మూరలు లేవు. తల్లి ఏటవాలు దారిలో ముందుకాళ్లు వేసి సగం దిగి ఆగింది. తెల్లటి గోళ్లు, ఒక్కొక్కటి కొడవలి మొన అంత పొడవు, ఇసుకలోకి దిగబడ్డాయి. రొమ్ము మీద బూడిద రంగు మచ్చ. చీమల పుట్టలు తవ్వి వచ్చిందో ఏమో, మూతినిండా ఎర్రమట్టి. దాని ఊపిరి వాసన గుంతంతా నిండింది.

గాలి కొండవైపునుంచి, ఎలుగువైపునుంచి ఆమె వైపుకు వీస్తోంది. ఆ సంగతి అప్పుడు ఆమెకు తెలియదు. తన చెమట వాసన దానికి తగులుతుందనే అనుకుంది. కళ్లు దించుకుని దాని కాళ్లవైపే చూసింది. అంత భయంలోనూ, రేపు సోమవారం సంచి ఎవరు తీసుకుపోతారన్న ఆలోచన వచ్చింది. తర్వాత తలుచుకుని, చచ్చేముందు మనిషికి ఇంత చిల్లర ఆలోచనా వచ్చేది అని తనమీద తనకే రోతపుట్టిందట.

తల్లి మూతి ముందుకు చాచి తాగసాగింది. నీళ్లు తరిగిపోతే ఆగడం, ఊరగానే పీల్చడం. ఒకసారి ముక్కు బిందెకు తగిలింది. ప్లాస్టిక్ బిందె ఒరిగి, ఉన్న నీళ్లన్నీ పారబోసుకుని దొర్లింది. ఆ చప్పుడుకు పిల్ల అదిరి హేమావతి కాళ్ల దగ్గరికి ఉరికింది. తల్లి గుర్రుమంది. హేమావతి కళ్లు మూసుకుంది. మోకాలికి బొచ్చు తగిలింది. గరుకుగా, వెచ్చగా, తడిగా. పిల్ల అక్కడే కాసేపు ఉండి, మళ్లీ నీళ్ల దగ్గరికి పోయింది.

అప్పుడు వినిపించింది పాట.

మొదట దూరంగా, రోడ్డు మీదినుంచి. పెళ్లి ట్రాక్టరు. పెద్ద పెద్ద సౌండ్ బాక్సులు కట్టుకుని, దద్దరిల్లిపోయే పాట పెట్టుకుని వస్తోంది. అవతలి గట్టు ఊళ్లకు అడ్డదారి ఈ ఏటి ఇసుక మీదుగానే ఉంది. ఆ చక్రాల గాడి చెలమకు పది అడుగుల దూరంలో పోతుంది. వచ్చేటప్పుడు హేమావతే చూసింది. ట్రాక్టరు గట్టు దిగి మీదికి వస్తే ఎలుగు ఏం చేస్తుందో ఆమెకు నాయన చెప్పాల్సిన పనిలేదు. గుంతలో బెదిరిన తల్లి, పిల్ల, తను. బయటికి దారి ఒక్కటే, ఆ దారిలో అదే ఉంది.

పాట దగ్గరవుతోంది. డప్పు దెబ్బలు ఇసుకలోంచి వీపుకు తెలుస్తున్నాయి. తల్లి తాగడం ఆపింది. తలెత్తింది. వెనక్కి అడుగేసి, పైన రెండు కాళ్ల మీద లేచి నిలబడింది. మనిషి కంటే పొడుగు అనిపించింది. తల అటూ ఇటూ తిప్పుతూ వాసన పట్టింది. పాట ఇంకా పెరిగింది. ఎవరో ఈల వేసింది కూడా వినిపించింది. తల్లి గొంతులో గుర్రు మొదలైంది.

పాట ఆగిపోయింది.

తగ్గలేదు, దూరం పోలేదు. మాట మధ్యలో గొంతు నొక్కినట్టు ఆగింది. ఇంజను చప్పుడు కూడా లేదు. గుంతలో నీళ్లు ఊరే సవ్వడి తప్ప ఇంకేమీ లేదు. తల్లి నిలబడే ఉంది. హేమావతి గుండె కొట్టుకోవడం దానికి వినిపిస్తుందేమో అనిపించేంత సేపు నిలబడింది. ఆ తర్వాత నాలుగు కాళ్ల మీద దిగి, పిల్లను పిలిచినట్టు సన్నగా మూలిగింది. పిల్ల ఎక్కబోయి జారింది. రెండోసారి ఎక్కబోయి జారి, వచ్చి హేమావతి కాళ్ల ముందే పడింది. మూడోసారి తల్లి మెడ కిందికి చాపితే, దాని బొచ్చు పట్టుకుని వీపు మీదికి ఎగబాకింది. అంతే. గుంత పైన ఆకాశం ఖాళీ అయింది.

ఆమె కదల్లేదు. అది అవతలి తుమ్మల్లో దూరేదాకా చూసి నల్లమ్మ పరుగున, కుళ్లాయప్ప కుంటుకుంటూ వచ్చారు. నల్లమ్మ గుంతలోకి దూకి, ఏడుస్తూ, రెండు చేతులతో ఇసుక తోడి హేమావతి కాళ్లు బయటికి తీసింది. అంతా ఏడెనిమిది నిమిషాలే అని కుళ్లాయప్ప అన్నాడు. ఎలుగు గుంతవైపు నడవడం గట్టు మీదినుంచి ముగ్గురూ చూశారు. నల్లమ్మ కేక పెట్టబోతే కుళ్లాయప్ప నోరు మూశాడట.

"అరవాకమ్మా. అరిస్తే బెదిరి గుంతలోకే దూకుతాది. నీళ్లు తాగనీ. తాగినాక అదే పోతాది."

హేమావతి నోట వచ్చిన మొదటి మాట, "పాట ఎవరు ఆపినారు?"

ఆపింది ప్రసూన. రోడ్డు మీద దుమ్ము, పాట రాగానే ఎవరితోనూ చెప్పకుండా సైకిలు తీసిందట. రోడ్డు మీదికి అర కిలోమీటరు ఎదురెక్కు. ఒక్కసారీ దిగలేదు. చెయ్యి ఊపితే డ్రైవరు యేసన్న పెళ్లి సంబరంలో పట్టించుకోలేదు. పక్కకు తప్పుకోకుండా, సైకిలును ట్రాక్టరుకు అడ్డంగా పడేసి తనూ దాని ముందే నిలబడింది. సైకిలు ముందు చక్రం ట్రాక్టరు టైరు కిందికి పోయాక బ్రేకు పడింది. యేసన్న తిడుతూ కిందికి దిగాడు. ఊపిరాడక ప్రసూనకు మాట రాలేదు. నోటి మీద వేలు పెట్టి, రెండో చేత్తో ఏటిని చూపించింది. యేసన్న ఒకసారి అటు చూసి, చల్లగా పోయి తాళం తిప్పేశాడు. ట్రాలీలో ఉన్న ముప్పై మందీ, పసిపిల్లలతో సహా, గప్‌చుప్‌గా కూర్చున్నారట.

ప్రసూన గట్టు మీదినుంచి నడిచి వచ్చింది. మోచెయ్యి కొట్టుకుపోయి రక్తం కారుతోంది. హేమావతి ఇసుకలో కూలబడి ఉంది.

"ప్రసూనా, పొద్దున నేనన్న మాట..."

"దాని సంగతి తర్వాత చూద్దాంలే హేమక్కా. ముందు ఈ నీళ్లు తాగు."

తనకోసం తెచ్చుకున్న సీసా మూత తీసి నోటికి పెట్టింది. హేమావతి గడగడా తాగింది. కుళ్లాయప్ప క్యాన్‌లో మిగిలిన నీళ్లతోనే కాఫీ పెట్టాడు. ఎవరూ రుచి ఎరగలేదు. ప్రసూనకు షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతుంటే నల్లమ్మ రెండు చెంచాల చక్కెర నోట్లో పోసింది. చక్రం వంకరపోయిన సైకిలును యేసన్న ట్రాలీలోకి ఎక్కించాడు. పెళ్లివాళ్లను అవతలి గట్టున దించేసి వచ్చి, ముగ్గురినీ ఇంటికి చేర్చాడు. పాట మాత్రం మళ్లీ పెట్టలేదు.

ఈశ్వరప్ప విని, ఇక సైకిలు సావాసం చాలించమని పట్టుబట్టాడు. హేమావతి వాదించలేదు. దానికే అతనికి ఎక్కువ భయం వేసింది. సోమవారం సంచి తగిలించుకుని బయలుదేరింది. మూడు పల్లెలు బాగానే తిరిగింది. నాలుగోది కొండ కింద గొల్లదొడ్డి. మలుపు దగ్గర రెండు వైపులా తుమ్మ పొదలు. అక్కడ కాలు కిందపెట్టి నిలబడింది. గాలికి ఎండుకొమ్మ కదిలింది. ఒళ్లంతా చెమట పట్టి, సైకిలు తిప్పుకుని వచ్చేసింది. ఆ దొడ్డికి ఆమె సంచిలో ఒకటే కవరు ఉంది, మారెక్కకు రావలసిన బ్యాంకు కార్డు. పద్దెనిమిదేళ్లలో గడప దాకా పోకుండా వెనక్కి తెచ్చిన కవరు అదే మొదటిది. మంగళవారమూ అంతే. బుధవారమూ అంతే.

ఆ మూడు రోజుల్లో ఆమె చేసిన పని ఒకటుంది. కొండలో నీళ్లు లేకే ఎలుగులు ఏట్లోకి దిగుతున్నాయని, కొండ పాదంలో తొట్టి కట్టించి ట్యాంకరుతో నింపించాలని ఫారెస్టువాళ్లకు అర్జీ రాసింది. తను, నల్లమ్మ, ప్రసూన సంతకాలు పెట్టారు, కుళ్లాయప్ప వేలిముద్ర వేశాడు. జూన్ మొదటి వారంలో తొట్టి వచ్చింది. చెలమ చుట్టూ ముళ్లకంప కంచె వేసుకోమని కుళ్లాయప్పకు చెప్పిపోయారు. అతను వేయలేదు. పొద్దున ఎండ ఎక్కాక, కర్ర తాటించుకుంటూ, గట్టిగా దగ్గుకుంటూ పోయి తెచ్చుకుంటున్నాడు.

ఆ వారంలోనే, గురువారం హేమావతి సైకిలుకు ఒక పెద్ద ఇత్తడి గంట బిగించుకుంది. మలుపు దగ్గరినుంచి గంట కొట్టుకుంటూ, ఆపకుండా కొట్టుకుంటూ తొక్కింది. బొటనవేలు వాచింది. పొదల్లో ఏముందో చూడలేదు. దొడ్లో మారెక్క కొట్టం ముందు కూర్చుని పుల్లలు విరుస్తోంది. కవరు అందుకుని, దాని మీద తేదీని ఎవరిచేతో చదివించుకుని, మొహం చిట్లించింది.

"సోమారమే వచ్చిండాదంట గదమ్మా. ఇన్ని దినాలు యాడ పెట్టుకోనుంటివి?"

ఆఫీసులో పని పడిందని చెప్పొచ్చు. ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చు. హేమావతి సైకిలుకు స్టాండు వేసింది.

"మలుపు దాకా వచ్చి మూడు దినాలు ఎనక్కి పోయినా అత్తా. బయమైంది."

మారెక్క పుల్లలు పక్కకు జరిపి, అరుగు మీద చోటిచ్చి, లోపలికి పోయి చెంబు నిండా మజ్జిగ తెచ్చింది. హేమావతి కూర్చుంది. పక్కన విరవని పుల్లలు ఇంకా కుప్పగా ఉన్నాయి. వాటి జోలికి పోకుండా, మజ్జిగ అయ్యేదాకా అలాగే కూర్చుంది.